అందించని మాట

ఓణీ కొంగు ముడిలో రెండు ఇత్తడి బిళ్ళలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, నేను కదిలినప్పుడల్లా చిన్న చప్పుడు, కదలకుండా కూర్చుందామంటే ఆసుపత్రి బెంచీ ఇనుపది, ఎండకి కాలి ఉంది, కాసేపు ఇటూ కాసేపు అటూ ఒరగక తప్పదు. నాలుగింటికి దర్వాను గంట కొడతాడు, ఐదింటికి మళ్ళీ కొడతాడు, ఆ మధ్యలోనే రోగుల్ని చూడనిస్తారు. మంచానికి రెండే బిళ్ళలు. మెట్ల దగ్గర చెక్కపెట్టె ఉంది, అందులో బిళ్ళ వేసినవాళ్ళే పైకి ఎక్కాలి, వేసిన బిళ్ళ ఆ పూటకి బయటకి రాదు, ఒకళ్ళు దిగి ఇంకొకళ్ళని పంపిద్దామన్నా దర్వాను ఒప్పుకోడు. ముసలాయన, తెల్లటి మీసాలు, ఎవరెంత బతిమాలినా "దో మత్‌లబ్ దో" అంటాడు, రెండంటే రెండే. ఇవాళ ఆ రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఒకటి నాది. రెండోది ఎవరు వస్తే వాళ్ళది. ఎవరూ రాకపోయినా నాకు బెంగ లేదు, నాది నాకుంటే చాలు.

రేపు పొద్దున్న మావయ్యకి ఆపరేషను. కలకత్తా నుంచి వచ్చిన డాక్టరు, మావయ్య గొంతులో మాట పుట్టే చోటుని తీసేస్తాడట. మనిషి ఉంటాడు, మాట ఉండదు, అలా చెప్పారు. అంటే ఇవాళ ఆ నాలుగుకీ ఐదుకీ మధ్య ఏం మాట్లాడితే అదే ఆఖరు. అత్తని పొద్దున్నే పిలిపించి ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, అప్పుడే మావయ్యని చూసి వచ్చింది, వచ్చి కుంపటి ముందు కూర్చుని చాలాసేపు నిప్పు విసురుతూ ఉండిపోయింది, కుంపటి మీద ఏమీ లేదు. "నాకు సెప్పాల్సిందంతా సెప్పీసినాడు మీ మావ, బియ్యం డబ్బా ఎనకాల ఎలక కన్నం పెట్టిందని కూడా సెప్పీసినాడు. సాయంత్రం నువ్వెల్లు. నీతోనే కదా ఆయనకి కబుర్లు," అంది. చిలకమ్మత్త ఎప్పుడూ అదే అంటుంది, నాతో కబుర్లని. నేను మాట్లాడితే కదా. మాట్లాడేదంతా మావయ్యే, నేను వింటాను, ఎప్పుడైనా ఊఁ అంటాను, ఆ ఊఁ కూడా ఆయనకి వినపడిందో లేదో నాకు తెలీదు.

మా అమ్మ గొంతు నాకు గుర్తులేదు. చేతులు గుర్తున్నాయి, పసుపు దిగిన గోళ్ళు గుర్తున్నాయి, చింతపండు పిసికిన వాసన కూడా ఇప్పుడు కావాలంటే ఇక్కడికి వస్తుంది. నేను బడికి వెళ్తుంటే గుమ్మంలోంచి ఏమనేదో కూడా తెలుసు, ఎండలో తిరక్కు అనేది. కాని ఆ మాట అమ్మ గొంతులో వినపడదు, నా గొంతులోనే వినపడుతుంది, అమ్మ నోరు కదులుతుంది, మాట నాది. ఎప్పుడు పోయిందో తెలీదు, ఉందనుకుంటూనే ఉన్నాను, ఒకరోజు వెతికితే లేదు. అమ్మ పోయాక మావయ్య పాలకొండ పక్క మా ఊరొచ్చి నన్ను రైలెక్కించి టాటానగర్‌లో దింపాడు. స్టేషను బయట ఆకాశం ఒక పక్కంతా ఎర్రగా ఉంటే ఏ ఊరో తగలబడుతోందని నేను ఆయన చొక్కా పట్టుకున్నాను, "బట్టీలే గుంటా, ఇనుము పోత్తన్నారు, అదే మనకి కూడెడతాది" అన్నాడు. ఆ మాట మాత్రం ఆయన గొంతులోనే ఉంది ఇప్పటికీ. గుంటా అన్నప్పుడు గొంతులో కొంచెం జీర ఉండేది, అప్పుడే జబ్బు మొదలైందేమో, మాకేం తెలుసు, అది ప్రేమనుకున్నాం. ప్లాంటులో మిగిలిన నిరుటి డైరీ ఒకటి నాకు తెచ్చిచ్చాడు, తేదీలు దిద్దుకుని రోజూ రాసుకుంటాను. నిన్న ఆయన గొంతు గురించి రాద్దామని కూర్చున్నాను. కంకర మీద బండి నడిచినట్టు ఉంటుందని రాశాను, కొట్టేశాను. తడి గోనెసంచి ఈడ్చినట్టు అని రాశాను, అదీ కాదు. గొంతుని ఎవరైనా ఎలా రాస్తారు. వినాలి. ఇవాళ వింటాను, కళ్ళు మూసుకుని వింటాను, అమ్మది పోగొట్టుకున్నట్టు ఇది పోగొట్టుకోను.

గంట ఇంకా కొట్టలేదు. బెంచీ అవతలి చివర ఒక పంజాబీ ఆవిడ దానిమ్మ గింజలు ఒలుస్తోంది గిన్నెలోకి, ఎర్రటి గింజలు టప్‌టప్‌మని పడుతున్నాయి. ఒలిచే చేతుల్ని చూస్తుంటే పోలరాజు చిన్నాన్న చేతులు గుర్తొస్తున్నాయి. ఆయన సొంత చిన్నాన్న కాదు, ఇక్కడ తెలుగువాళ్ళందరూ ఏదో ఒకటి అవుతారు. యార్డులో రైలు పెట్టెలు ఒకదానికొకటి తగిలించే పని ఆయనది, చేతులు ఇంతింత ఉంటాయి, మావయ్య వేయించే నాటకానికి రిహార్సల్లో పడవవాడిగా నిలబడగానే అవి వణికేవి. ఇంకెవరైనా అయితే చేతులు వణక్కూడదు అనేవారు. మావయ్య మాత్రం మర్నాడు ఎక్కడినుంచో ఒక వెదురు గెడ తెచ్చి ఆయనకిచ్చి, "పడవోడికి గెడ నేకపోతే ఎలాగరా, ఒట్టి సేతులతో నదిలో ఏటి సేత్తావు, సేపలడతావేటి" అన్నాడు. అందరూ నవ్వారు, పోలరాజు చిన్నాన్న కూడా నవ్వాడు, ఆ తర్వాత చేతులు వణికితే గెడ వణికేది, గెడ వణికితే నది అనిపించేది. నేను ఇంటికొచ్చేటప్పుడు అది ఎందుకు తెచ్చావని అడుగుదామనుకుని అడగలేదు. అడగకుండానే చెప్పాడు, "ఆడి సేతులు వొణుకుతన్నాయని నాను సెప్తే ఆడికి తెలీదేటి. తెలిసిన మాట సెప్పి మనిషిని సిన్నబుచ్చకూడదే."

బాగ్‌బేరాలో తెలుగు బడి వరండాలో రిహార్సలు. మావయ్య ఏడాదికి ఒక నాటకం వేయిస్తాడు, ఈ ఏడాదిది పడవవాడి నాటకం. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు అక్షరాలు రావు, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు, నేను ఊళ్ళో బడిలో చదివినదాన్ని, గడగడా చదువుతాను, అందుకని తెర చాటునుంచి మాట అందించే ప్రాంప్టింగు నాకు అప్పగించాడు. పైకి మాట్లాడని పిల్ల ప్రాంప్టింగు చేస్తుందా అని అందరూ అన్నారు. "గట్టిగా మాటాడీవోల్లు మనకి సాలామందున్నారు, గుసగుసలాడీది ఒకత్తుండనీండి" అన్నాడు. రిహార్సలు ఎప్పుడూ వెంటనే మొదలుపెట్టేవాడు కాదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు కూర్చోబెట్టి షిఫ్టు ఎలా గడిచింది, మీ ఫోర్మను అరిచాడా, ఇంట్లో చంటిదానికి జ్వరం తగ్గిందా, ఇదే గొడవ, నాకు విసుగొచ్చేది, టైము పోతోంది కదా అని. మిల్లులోంచి వచ్చిన మనిషి మొదట ప్రతి మాటా అరుస్తాడు, చెవుల్లో మిల్లు ఇంకా తిరుగుతూ ఉంటుంది, కాసేపటికి గొంతు దానంతటదే దిగుతుంది. "ముందు మనిషిని దిగనీ. తరవాత ఏసం ఎక్కుతాది," అనేవాడు. ఎవరికీ చేసి చూపించేవాడు కాదు. ఎలా నడవాలి గురువుగారూ అంటే మీ నాన్న ఎలాగ నడిసీవోడురా అని అడిగేవాడు. నాను సేసి సూపిత్తే నన్ను సేత్తాడు, మరి ఆడెందుకూ, అనేవాడు.

గంట. కాదు, అది సైకిలు బెల్లు.

మాట అందించడం కంటే అందించకుండా ఉండడం కష్టం అని నాకు నిరుడే తెలిసింది. నిరుటి నాటకంలో ఒకాయన మధ్యలో ఆగాడు. మర్చిపోయాడనుకుని తెర చాటునుంచి మాట అందించాను, ఆయన ఉలిక్కిపడ్డాడు, మాట చెప్పాడు కాని ముఖం మీద ఉన్నదేదో అప్పుడే ఆరిపోయింది. దారిలో మావయ్య తిడతాడనుకున్నాను. రిక్షా కూడా ఎక్కకుండా నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. "ఆడు మర్సిపోనేదే గుంటా, మాటని మింగుతన్నాడు. మర్సిపోయినోడి కల్లు నీకేసి ఎతుకుతాయి. మింగీవోడు నీకేసి సూడడు. ఆ తేడా తెలిసేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండు. ఎవడి మాట ఆణ్ణే తెచ్చుకోనీ." నాటకం రోజున ఆయన నాటకం చూడడు కూడా. వెనక నీళ్ళ కుండల దగ్గర, స్టేజీకి వీపు పెట్టి నిలబడి వింటాడు. ఏడాదంతా కష్టపడి చూడకపోవడమేమిటని ఒకసారి నోరు విప్పి అడిగాను. "నాను సూత్తన్నానని తెలిత్తే నాకేసి ఆడతారు. ఆళ్ళు జనానికేసి ఆడాల, ఒకడికేసి ఒకడు ఆడాల. మనకి అక్కడ సోటు నేదు," అన్నాడు. నాటకం అయ్యాక అందరూ చుట్టూ మూగి ఎలా ఉంది గురువుగారూ అంటే, రిహార్సలు అయ్యాక రోజూ చెప్పే మాటే చెప్పేవాడు. "బాగునేదు. రేపు రండి." అంతే. బాగుందని ఎవరితోనూ ఒక్కసారి అనలేదు. నాటకం అయిపోయింది కదా, రేపెందుకు రావడం. అయినా మర్నాడు అందరూ వచ్చేవారు, వరండాలో ఊరికే కూర్చుని బీడీలు కాల్చుకుని వెళ్ళేవారు.

సైకిలు మీద వచ్చింది ఆదిబాబు చిన్నాన్న. నది అవతల మాంగో పేట నుంచి వంతెన దాటి ఎండలో తొక్కుకుంటూ వచ్చాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది, చంకలో బత్తాయిల సంచి. నన్ను చూసి వస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఎందుకు ఆగాడా అని తిరిగి చూశాను. నా వెనక స్తంభం దగ్గర పోలరాజు చిన్నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఎప్పుడూ చప్పుడు చెయ్యడు ఆ మనిషి. చేతిలో ఏమీ లేదు, ఒట్టి చేతులు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

వాళ్ళిద్దరికీ ఒకటే వేషం. పడవవాడు. మా నాటకాల పద్ధతే అంత, ఇక్కడ ఎవరికి ఏ షిఫ్టు పడుతుందో ఎవరికీ తెలీదు, అందుకని పెద్ద వేషానికి ఇద్దరు చదువుకుంటారు, నాటకం రోజున ఎవరికి డ్యూటీ లేకపోతే వాళ్ళు కడతారు, రెండోవాళ్ళు ఆ పూట బట్టీ దగ్గరో యార్డులోనో ఉంటారు. డ్యూటీయే తేలుస్తుంది, మావయ్య తేల్చడు, ఎవరికీ కోపం ఉండదు. అలాగే ఆదిబాబు చిన్నాన్న ఆడుతుంటే పోలరాజు చిన్నాన్న ఎదురుగా గచ్చు మీద కూర్చుని పెదవులు కదుపుతుండేవాడు, అక్షరం పొల్లు పోకుండా. ఆదిబాబు చిన్నాన్నది పెద్ద గొంతు, కాని చివరి రంగంలో ఒకచోట ఎప్పుడూ తడబడతాడు, కొడుకు పడవ దిగి వెళ్ళిపోతుంటే చెప్పే మాట దగ్గర. తడబడినప్పుడు నాకేసి చూడడు, పోలరాజు పెదవులకేసి చూసేవాడు. నా ప్రాంప్టింగు వాళ్ళకి అక్కర్లేదు. మళ్ళీ పోలరాజు చిన్నాన్న ఆడితే ఆదిబాబు చిన్నాన్న కింద కూర్చుని, గట్టిగారా, గట్టిగా, మీ యార్డు ఇంజను ఇనాల, అని కేకలు. నాకు వాళ్ళిద్దరూ కలిసి ఒక పడవవాడు అనిపించేది.

మావయ్య ఆసుపత్రిలో చేరుతూ తన ముక్కాలిపీట నాకు చూపించి, నేనొచ్చేదాకా నువ్వు కూకో అన్నాడు. నేనేమిటి ఆ పీట మీద కూర్చోవడమేమిటి. నవ్వుతారని భయపడ్డాను, ఎవరూ నవ్వలేదు, అది ఇంకా భయం. ఈసారి వచ్చే ఆదివారం నాటకానికి పోలరాజు చిన్నాన్నకి ఖాళీ, ఆదిబాబు చిన్నాన్నకి మధ్యాహ్నం డ్యూటీ. అంటే వేషం పోలరాజుది. అందరూ అలాగే అనుకున్నారు. ఒకరోజు ఆదిబాబు చిన్నాన్న వచ్చి, ఫోర్మనుతో మాట్లాడి డ్యూటీ మార్పించేసుకున్నాను, ఆదివారం నాకూ ఛుట్టీయే, గురువుగారి ఆఖరి నాటకంలో నేను కట్టకపోతే ఎలా అన్నాడు. ఇద్దరికీ ఖాళీ ఎప్పుడూ రాలేదు ఇన్నేళ్ళలో. ఇద్దరూ నాకేసి చూశారు. నేను పీట కాళ్ళకేసి చూశాను. ఎవరో ఒకరి పేరు చెబితే అయిపోయేది, ఏదో ఒకటి, తప్పయినా సరే, నా నోట్లోంచి గాలి కూడా రాలేదు. ఆ నిశ్శబ్దంలోనే మాటలు పుట్టాయి. షిఫ్టు దొంగ అన్నాడు పోలరాజు చిన్నాన్న, అంత మెత్తటి మనిషి. పిల్లి గొంతు నీది, మూడో వరసకి ఇనపడదు, అన్నాడు ఆదిబాబు చిన్నాన్న. ఆ తర్వాత ఇద్దరూ రావడం మానేశారు. మిగిలినవాళ్ళు వస్తారు, కూర్చుంటారు, "ఏటి డైరెక్టరమ్మా, ఇయ్యాల నది ఎండిపోయిందా" అంటారు, వెళ్ళిపోతారు. మావయ్య మంచం మీదనుంచి రోజూ అడుగుతాడు, ఇద్దరూ వత్తన్నారా అని. వస్తున్నారు అంటాను. ఇద్దరూ? ఇద్దరూ. ఇంతవరకు నేను ఆయనతో గట్టిగా చెప్పిన మాట అదొక్కటే, అదీ అబద్ధం.

"ఏమ్మా పద్మా, మీ మావ ఎలాగున్నాడు," అన్నాడు ఆదిబాబు చిన్నాన్న దగ్గరికొచ్చి, స్తంభం వైపు చూడకుండా. "బిళ్ళ ఉందేటి నీ కాడ? ఒకటుంటే సాలు. నాను నీతోటి వత్తాను. ఓ మాటు ఆయన మాట ఇని ఎలిపోతాను."

నేను ముడి పట్టుకున్నాను. చెమటకి తడిసి ఉంది.

"ఆయన్ని అడుగమ్మా," అంది స్తంభం. అంటే స్తంభం దగ్గరి గొంతు, మెల్లిగా, కాని మూడో వరసకి బాగానే వినపడేలా. "ఇక్కడ కూడా ఫోర్మన్ని మాటాడీసి వొచ్చినాడేమో అడుగు."

"ఫోర్మన్ని మాటాడ్డానికి నోరుండాలని సెప్పమ్మా ఆడికి. నోరున్నోడు అడుగుతాడు. నోరు నేనోడు స్తంభం ఎనకాల నిల్సుంటాడు."

"నాను ఆయన కంటే ముందొచ్చినాను. ఆ సంగతి సెప్పు."

"ముందొచ్చినోడు బత్తాయిలు తేవాల, సేతులూపుకుంటా వొచ్చినాడని సెప్పు."

మధ్యలో నేను. ఇటువైపు రెండడుగులు, అటువైపు రెండడుగులు, ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంది, అయినా నేను చెప్పాలిట. పంజాబీ ఆవిడ దానిమ్మ ఒలవడం ఆపి మమ్మల్ని చూస్తోంది. మరోరోజయితే నాకు నవ్వొచ్చేది. అప్పుడు గంట కొట్టాడు.

జనం లేచారు. పంజాబీ ఆవిడ గిన్నె కొంగుకింద పెట్టుకుని వెళ్ళింది, పెట్టెలో బిళ్ళ పడ్డ చప్పుడు, ఇంకోటి, ఇంకోటి. నా కాళ్ళు మెట్లవైపు వెళ్ళిపోతున్నాయి. పైన కుడివైపు మూడో కిటికీ, మావయ్య తల ఇటువైపే ఉంటుంది, నేను మెట్లెక్కే చప్పుడు పోల్చుకుంటానంటాడు, నీ నడక కూడా గుసగుసే అంటాడు. వెళ్ళాలి. ఒక బిళ్ళ నాది, అత్త ఇచ్చింది, నాది. రెండోది ఎవరికి. ఆదిబాబు చిన్నాన్న ముందు అడిగాడు, ఎండలో వచ్చాడు, మావయ్యకి బత్తాయిలంటే ఇష్టం, మింగలేడు అయినా వాసన చూస్తాడు. పోలరాజు చిన్నాన్న ముందొచ్చాడు, అడగలేదు, అడగడు, ఇవ్వకపోతే స్తంభం దగ్గర ఐదింటిదాకా నిలబడి వెళ్ళిపోతాడు, రేపు కూడా ఏమీ అనడు, ఎప్పటికీ అనడు. ఒకరికిస్తే రెండోవాళ్ళు ఇక్కడ నిలబడతారు. ఒకరి చెవిలో మావయ్య ఆఖరి మాట ఉంటుంది, రెండోవాళ్ళ చెవిలో ఉండదు, అది ఇంక ఏ షిఫ్టు మార్చుకున్నా రాదు. నేను ఎవరి పేరు చెప్పినా అదే అవుతుంది, ఆ రోజు వరండాలో చెప్పినా అదే అయ్యేది. ఇద్దరికీ ఇవ్వకుండా నేనొక్కదాన్నీ వెళ్ళచ్చు. వెళ్ళచ్చు. ఎవరూ తప్పు పట్టరు, మేనకోడల్ని. లోపల ఆయన అడుగుతాడు, ఇద్దరూ వత్తన్నారా అని, ఆఖరిసారి ఆ గొంతుతో అదే అడుగుతాడు, నేను వస్తున్నారు అంటాను, కిటికీలోంచి కిందకి చూస్తే ఇద్దరూ చెరో స్తంభం దగ్గర కనపడతారు. ఆ మాట నా చెవిలో పెట్టుకుని బతకాలి. అమ్మ గొంతులేని చోట ఇది పెట్టుకోవాలి.

మనకి అక్కడ సోటు నేదు. నీళ్ళ కుండల దగ్గర వీపు పెట్టి నిలబడ్డ మనిషి. ఆయనకి మాత్రం చూడాలని ఉండదా, ఏడాదంతా ఆ పడవని తోసింది ఆయనే కదా.

ముడి విప్పడం రాలేదు, తడికి బిగుసుకుపోయింది, పంటితో విప్పాను. ఇత్తడి రుచి, ఉప్పగా. ఒక బిళ్ళ ఆదిబాబు చిన్నాన్న చేతిలో పెట్టాను. ఆయన, పద పద, అని నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను స్తంభం దగ్గరికి నడిచాను. పోలరాజు చిన్నాన్న చేతులు విడదీసి రెండోది అందులో పెట్టాను, ఆ పెద్ద అరచేతిలో అది చిన్న చుక్కలా ఉంది. ఆయన దాన్నీ నన్నూ చూశాడు.

"నువ్వమ్మా?"

నేను తల ఊపాను. ఏమని ఊపానో నాకే తెలీదు. వెళ్ళండి అని కావచ్చు. "ఇద్దరూ," అన్నాను. ఎప్పుడూ అనే గొంతు కాదు, మావయ్యతో రోజూ అబద్ధం చెప్పే గొంతు, గట్టిది. "ఇద్దరూ కలిసి ఎక్కండి, చిన్నాన్నా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కాదు. పైన మావయ్య మెట్ల చప్పుడు వింటాడు."

ఆదిబాబు చిన్నాన్న బత్తాయిల సంచి చంక మార్చుకున్నాడు. దర్వాను, "జల్దీ కరో భాయి" అంటున్నాడు. పెట్టెలో ఒక బిళ్ళ పడింది. కాసేపటికి రెండోది. మొదటి మెట్టు మీద ఆదిబాబు చిన్నాన్న ఆగాడు, వెనక్కి చూడలేదు, ఆగాడంతే, పోలరాజు చిన్నాన్న పక్కకి వచ్చేదాకా. ఇద్దరి చెప్పులూ ఒక్కసారే చప్పుడు చేసుకుంటూ పైకి వెళ్ళాయి, మలుపు తిరిగాయి, వినపడడం మానేశాయి.

నేను మెట్ల కింద నిలబడ్డాను. తర్వాత ఎందుకో మెట్లకి వీపు తిప్పాను. వింటే వినపడుతుందేమో. బండి మీద మందుసీసాలు గలగలలాడుతూ వెళ్ళాయి. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. దూరంగా ప్లాంటు చప్పుడు, ఈ ఊళ్ళో అది ఎప్పుడూ ఉంటుంది, ఆగితేనే తెలుస్తుంది. పైన ఎవరో నవ్వారు, అది మావయ్యది కాదు, దగ్గు, ఏమో అదీ కాదు. ఇద్దర్నీ ఒక్కసారి చూసినప్పుడు ఆయన ముఖం ఎలా ఉండి ఉంటుంది. ఏమని ఉంటాడు. నేనేదని అడిగి ఉంటాడా. కింద ఉంది అని చెప్పి ఉంటారా, ఎందుకు ఉందో చెప్పి ఉంటారా, ఆయనకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు పరిగెత్తుకుంటూ మెట్లెక్కేస్తే దర్వాను ఏం చేస్తాడు, ముసలాయన, పట్టుకోలేడు. కాళ్ళు కదల్లేదు. కళ్ళు మూసుకుని మావయ్య గొంతుని పిలిచాను, గుంటా, బట్టీలే గుంటా. ఇంకా ఉంది. అప్పుడే కొంచెం పల్చబడింది. మళ్ళీ పిలిచాను. మరీ ఎక్కువ పిలిస్తే అరిగిపోతుందేమోనని మానేశాను.

ఐదింటి గంట కొట్టినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఎండ బెంచీ మీదనుంచి జరిగి గోడ మీదకి ఎక్కింది, దాన్ని చూస్తూ ఉన్నాను. జనం దిగుతున్నారు. పంజాబీ ఆవిడ గిన్నె ఖాళీగా ఉంది. వాళ్ళిద్దరూ అందరికంటే వెనక దిగారు. ఆదిబాబు చిన్నాన్న సంచి అక్కడే వదిలేశాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నడుమ్మీద పెట్టుకున్నాడు. పోలరాజు చిన్నాన్న రెండు మెట్ల పైనే ఆగిపోయాడు. ఇద్దరి మధ్యా ఇంకా మాటలు లేవు, నాకు తెలిసింది, పైన కూడా ఆయనతోనే మాట్లాడి ఉంటారు, ఒకరితో ఒకరు కాదు.

"మరేటి," అన్నాడు ఆదిబాబు చిన్నాన్న. గొంతు సవరించుకున్నాడు. "నీకు సెప్పమన్నాడు. గురువుగారు. సెప్తే ఆయన సెప్పినట్టే సెప్పాలి, నువ్వు నీ మాట కలపకు అన్నాడు."

ఆయన నిలబడ్డ తీరు మారింది. మెడ కొంచెం ముందుకి, గడ్డం కిందకి. గొంతులో జీర వచ్చింది. నాటకంలో కూడా ఇంత తగ్గించి ఎప్పుడూ మాట్లాడలేదు.

"గుంటకి సెప్పండ్రా… బాగునేదు…"

ఆగిపోయాడు.

దర్వాను పెట్టె తెరిచి బిళ్ళలు తీసి తీగకి గుచ్చుకుంటున్నాడు, ఒకటి, ఇంకొకటి, ఇత్తడి మీద ఇత్తడి. తర్వాత ఏముందో నాకు తెలుసు. రోజూ విన్న మాట, నిద్రలో అడిగినా చెబుతాను, నాలుక చివరికి వచ్చేసింది. మర్చిపోయాడా, మింగుతున్నాడా. ఆయన కళ్ళు నాకేసి రాలేదు. గేటు దాటి ఎక్కడో ఉన్నాయి, తడిగా. రేపు అనే మాట దగ్గర ఆగాడు ఆయన. అందించకు. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపో. బిళ్ళల చప్పుడు కూడా ఆగింది. తర్వాత ఆదిబాబు చిన్నాన్న తల మెల్లిగా వెనక్కి తిరిగింది, మెట్లకేసి, పోలరాజు చిన్నాన్న పెదవులకేసి. ఆ పెదవులు అప్పటికే కదులుతున్నాయి, వరండాలో గచ్చు మీద కూర్చున్నప్పటిలాగే, చప్పుడు లేకుండా. అప్పుడు పోలరాజు చిన్నాన్న మెట్టు దిగి ఆ పెదవులకి చప్పుడు కలిపాడు.

"రేపు రండి."

"రేపు రండి," అన్నాడు ఆదిబాబు చిన్నాన్న, మావయ్య గొంతుతో.